ఫ్రిజ్‌లో అల్లుడుగారు

ఆ ల్యాబ్ పెద్దాయనకు లోకంలో ఒక్కటే భయం, ఎంజైమ్ అలుగుతుందని. బుడ్డిలో చెంచాడైనా లేని ఆ ద్రవాన్ని ఆయన "అల్లుడుగారు" అనేవాడు. అందుకే చాటుగా అందరూ ఆయన్ని మామగారనేవారు.

కొడుకు బడికెళ్ళే వయసొచ్చాక మళ్ళీ ఉద్యోగంలో చేరినావిడకు మొదటిరోజే పాఠం మొదలైంది.

"ఫ్రిజ్ తలుపు మెల్లగా వెయ్యమ్మా! అల్లుడుగారు ఉలిక్కిపడతారు."

"ఎంజైమ్‌కి చెవులుంటాయాండీ?"

"చెవులుండవు, పౌరుషముంటుంది. వేడి తగిలితే అలుగుతాడు, కుదిపితే అలుగుతాడు. అలిగాడా, ఇక కాళ్ళు పట్టుకున్నా పని చెయ్యడు!"

వాళ్ళు తయారుచేసేది చక్కెర కొలిచే పట్టీ. దాని మీది ఎలక్ట్రోడ్‌కు ఎంజైమ్ చుక్క అంటించి రక్తంలోనో పళ్ళరసంలోనో ముంచితే, అందులోని చక్కెరను బట్టి కరెంటు పుట్టాలి. పుట్టకపోతే మామగారి తీర్పు ఒక్కటే. ఒకాయన వైర్లు తిరగేసి బిగించాడు, అల్లుడు అలిగాడు. ఇంకొకాయన అసలు మీటరే ఆన్ చెయ్యలేదు. అప్పుడూ అలిగింది అల్లుడే!

ఆవిడ ఉద్యోగం ఉంచాలో తీసేయాలో తేల్చడానికి డైరెక్టరు పట్టీ పరీక్ష చూస్తానన్నాడు. ఆ పరీక్షరోజు పొద్దున్నే బడి నుంచి ఫోను, బాబుకు జ్వరమని. భర్తను బడికి పంపే కంగారులో ఆవిడ బుడ్డిని కిటికీ దగ్గర ఎండలో వదిలేసింది. దాంతోనే పట్టీలు చేసింది. డైరెక్టరు ఎదుట ముంచితే మీటరు మీద గుండుసున్నా.

"ఎవరి నిర్వాకమండీ ఇది?"

ఆవిడ బుడ్డి తాకిచూస్తే వెచ్చగా తగిలింది. "సార్, నేనే బుడ్డిని..."

"అల్లుడుగారు అలిగారండీ," మామగారు అడ్డొచ్చాడు.

"మళ్ళీ ఆ అల్లుడేనా?"

"మీరలా టీ తాగి రండి. ఈలోగా బుజ్జగిస్తాను."

డైరెక్టరు విసుక్కుంటూ వెళ్ళగానే మామగారు ఫ్రిజ్ అడుగు అరలోంచి ఓ డబ్బా లాగాడు. నిండా ఎంజైమ్ అద్ది ఆరబెట్టిన పట్టీలు.

"ఒక్కల్లుణ్ణే నమ్ముకుంటే ఇల్లు గడుస్తుందా తల్లీ? వీడు చిన్నల్లుడు, బుద్ధిమంతుడు. ముంచు. అన్నట్టు, బాబుకెలా ఉంది?"

"తగ్గిందటండీ," అంది ఆవిడ, పట్టీ అందుకుంటూ.

డైరెక్టరు తిరిగొచ్చేసరికి మీటరు మీద అంకెలు చకచకా ఎక్కుతున్నాయి.

"అలక తీరినట్టుందే!"

"లేదండీ, చిన్నల్లుణ్ణి పిలిపించాం."

డైరెక్టరు నవ్వాపుకుని, "ఈవిణ్ణి ఉండనివ్వండి," అన్నాడు. పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి ఆవిడ అప్పుడు వదిలింది. ఆ ల్యాబ్‌లో ఎవరూ చీవాట్లు తిన్న దాఖలా ఎందుకు లేదో కూడా అప్పుడే తెలిసింది. అందరి వాటా అల్లుడే తినేవాడు మరి!

ఆ తర్వాత కొన్నాళ్ళకు మామగారి మోచెయ్యి తగిలి గాజుసామాను ట్రే భళ్ళున పగిలింది. డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"తప్పు నాదేనండీ..." అని మామగారు మొదలెట్టాడో లేదో, ఆవిడ ముందుకొచ్చింది.

"కాదండీ, అల్లుడుగారు అలిగారు."

డైరెక్టరు ఓసారి గాజుముక్కల వైపు, ఓసారి ఫ్రిజ్ వైపు చూశాడు.

"పెద్దల్లుడా, చిన్నల్లుడా?"