ఎక్కడి నీళ్లు? నాలుగు నెలల పాపతో నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల దాకా

మా మనవరాలు మేఘనకి నాలుగు నెలలు. రెండో నెలలో విరేచనాలు పట్టుకుని మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు మందులు రాసి, చివర్లో కలం పక్కన పెట్టి మరీ ఒక మాట చెప్పారు. డబ్బా పాలు కలిపే నీళ్ల విషయంలో ఇంకోసారి పొరపాటు జరిగితే ఈ పిల్ల తట్టుకోలేదని. మా అమ్మాయి స్వప్నకి ఆపరేషన్ తర్వాత పాలు ఆగిపోయాయి కాబట్టి డబ్బా పాలు తప్పవు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నీళ్ల శాఖ నాది. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని, ఆ మాత్రం చూసుకోలేనా అని నేనే అడిగి తీసుకున్నాను.

స్వప్న పత్తి విత్తనాల కంపెనీలో పనిచేస్తుంది. సెలవు అయిపోగానే మొదటి డ్యూటీ పడింది. నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో డీలర్లను కలవాలి, ఆ తర్వాత గద్వాల దాటి ఒక ఊళ్లో విత్తన పత్తి చేను చూడాలి. ఒక్క రోజు పని. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక పిల్లని వదిలి ఒక్క పూట కూడా ఉండనంటుంది. అందుకని సెప్టెంబరులో ఒక మంగళవారం ముగ్గురం బయల్దేరాం. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అని మా ఆయన గుమ్మంలో నిలబడి అన్నాడు. పిల్లి నేనో పాపో ఆయన చెప్పలేదు.

హైదరాబాదులో ఉదయం ఐదున్నరకి కారెక్కాం. నా సంచిలో మరిగించిన నీళ్లతో రెండు స్టీలు ఫ్లాస్కులు, ఉడకబెట్టి ఆరబెట్టిన ఆరు పాలసీసాలు, పాలపొడి డబ్బా ఉన్నాయి. డ్రైవర్ యాదయ్యది లింగాల. అతను నా సంచి ఎత్తి చూసి, "ఏందమ్మా గింత బరువు, నీళ్ల దుకాణం పెడ్తరా?" అన్నాడు. రెండు గంటల్లో కల్వకుర్తి చేరాం. అక్కడ టీ తాగుతుంటే హోటలాయన పాప కోసం గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఎక్కడివి అంటే "ఫిల్టర్ నీళ్లే మేడం, క్యాన్ నీళ్లు" అన్నాడు. క్యాన్ చూశాను. మూతకి సీలు లేదు, లోపల అడుగున పచ్చటి చార ఉంది. ఫిల్టర్ మంచిదే కావచ్చు, ఆ క్యాన్ ఎన్నాళ్ల కిందట కడిగారో ఎవరికీ తెలియదు. థాంక్స్ చెప్పి నా ఫ్లాస్కు తీశాను. నీళ్లు వేడిగా ఉండగానే పొడి కలిపి, తర్వాత సీసాని చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టి చల్లార్చాలి. పొడిలోనూ క్రిములుండొచ్చు కాబట్టి గోరువెచ్చటి నీళ్లలో కలపకూడదు. ఇదంతా నేను యాదయ్యకి పాఠంలా చెప్పాను. అతను పాపం వింటూనే రెండో టీ తాగేశాడు.

తొమ్మిదింటికి నాగర్‌కర్నూల్‌లో ఉన్నాం. స్వప్న డీలరు దగ్గర కూర్చున్న గంటలో నేను బస్టాండు దగ్గర లీటరు బాటిల్ కొన్నాను, ఇరవై రూపాయలు. సీలు చూశాను, తయారైన తేదీ చూశాను, ఐఎస్ఐ గుర్తు చూశాను. షాపతనికి విసుగొచ్చింది. "జర జల్ది తీస్కోండమ్మా, గన్ని సూస్తే నీళ్లు ఆవిరైపోతయ్" అన్నాడు. సీలు బాటిలైనా పసిపిల్లలకి మరిగించే వాడాలని అతనికి చెప్పబోయి ఊరుకున్నాను. ఆ బాటిల్ అత్యవసరానికి దాచుకున్నాను.

అక్కడి నుంచి బిజినేపల్లి మీదుగా వనపర్తికి గంట. రోడ్డు బాగుంది, చిన్నపిల్లలున్న వాళ్లు భయపడక్కర్లేదు. వనపర్తిలో డీలరు షాపు పక్కనే నీళ్ల ప్లాంటు ఉంది. పది రూపాయలకి ఇరవై లీటర్ల క్యాన్ నింపి ఇస్తున్నారు. ప్లాంటు అతను జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి గ్లాసులో ముంచి నాకు అంకె చూపించాడు. మంచి అంకే. ఈ మీటరు నీళ్లలో ఉప్పులెన్నో చెప్తుంది కానీ క్రిములున్నాయో లేదో చెప్పదు అన్నాను. "గట్లనా? ఇన్నేండ్లల్ల ఎవ్వలు అడగలే" అని నవ్వాడు. ఉప్పుల గురించి, క్రిముల గురించి విడివిడిగా ఆలోచించాలని పదకొండు గంటలకి వనపర్తిలో నేను ఒకరికి పాఠం చెప్పాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మూడు గంటల తర్వాత నాకు మాత్రం గుర్తులేదు.

పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో మలుపు తిరిగి గద్వాల చేరేసరికి ఒంటిగంట దగ్గరపడింది. చేను ఇంకా ఇరవై కిలోమీటర్లు, కర్ణాటక సరిహద్దు వైపు. విత్తన పత్తిలో పనంతా చేతులతోనే. సాయంత్రం ఆడవాళ్లు మొగ్గలు ఒలిచి పెడతారు, మర్నాడు పొద్దున ఇంకో మొక్క పూల పుప్పొడి తెచ్చి వాటికి అద్దుతారు. ఈ పనిని అందరూ క్రాసింగ్ అంటారు. ఆ రెండు నెలలు కూలీలు పిల్లలతో సహా చేను దగ్గరే పాకల్లో ఉంటారు. స్వప్న నా సీలు బాటిల్ పట్టుకుని చేనులోకి వెళ్లింది. యాదయ్య భోజనానికి, డీజిలుకి గద్వాల వెళ్లాడు. నేనూ పాపా పాక నీడలో మిగిలాం.

పాప ఆకలికి లేచింది. మొదటి ఫ్లాస్కు వనపర్తిలోనే ఖాళీ. రెండోది తీద్దామని సంచిలో చెయ్యి పెడితే సంచి అడుగంతా తడి. మూత సరిగ్గా బిగించలేదు, బిగించాల్సింది నేనే. ఫ్లాస్కులో గుక్కెడు నీళ్లు కూడా లేవు.

నేను కంగారు పడే మనిషిని కాను. పాక వెనక బోరు నడుస్తోంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి, వాసన లేదు. పాక ముందు మూడు రాళ్ల పొయ్యి, పత్తికట్టెలు, అల్యూమినియం గిన్నె ఉన్నాయి. గిన్నె తోమి, బోరు నీళ్లు నింపి పొయ్యి మీద పెట్టాను. తెలియని నీళ్లు కదా అని మామూలుగా కాదు, అరగంట మరిగించాను. గిన్నెడు నీళ్లు సగానికి వచ్చాయి. ఏ క్రిమీ బతికుండదని తృప్తిగా పాలు కలిపి, సీసాని చల్లార్చడానికి ఇంకో గిన్నెలో పెట్టాను. పాప గొంతు చించుకుంటోంది.

అప్పుడే భోజనం వేళకి కూలీలు చేనులోంచి వచ్చారు. ఆ పాక ఈరమ్మది. నలభై అయిదేళ్లుంటాయి, వేళ్లన్నీ పుప్పొడితో పసుపుపచ్చగా ఉన్నాయి. తన పొయ్యి నేను వాడినందుకు ఏమీ అనుకోలేదు. పాపని చూసి నవ్వింది, సీసాని చూసి ఆగింది.

"ఎక్కడి నీళ్లమ్మా?"

"ఈ బోరువే. బాగా మరిగించాను, ఏం భయం లేదు" అన్నాను, సీసా పాప నోటి దగ్గరికి తీసుకెళ్తూ.

"సాకు సాకు! పెట్టకు!" అంటూ చెయ్యి అడ్డం పెట్టింది. సాకు అంటే ఆ వైపు చాలు, ఆపు అని. కన్నడం కలిసిన మాట. "గీ బోరు నీళ్లు మేం గూడ తాగమమ్మా. గిన్నెలు కడుగుడుకే."

"మరిగించానమ్మా. అరగంట."

"మరగబెడ్తే పురుగులు సస్తయ్. ఎరువు సస్తదా? యూరియా బస్తాలకు బస్తాలు పోస్తరు గీ చేన్ల. అదంత కిందికే దిగుతది. నువ్వు మరగబెట్టినకొద్ది నీళ్లు పోతయ్, ఎరువు మిగుల్తది" అంది. నా గిన్నె వంచి చూపించింది. లోపల నీటి మట్టం దిగిన చోటల్లా తెల్లటి గీతలు, ఒకదాని కింద ఒకటి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఉప్పు నీళ్లు పింగాణీ గిన్నెలో మరిగించి, నీరు పోయాక అడుగున తెల్లగా మిగిలింది చూపించే ప్రయోగం నేను ముప్పై ఏళ్లు చేశాను. ఏడో తరగతి పిల్లలు కూడా జవాబు రాసేస్తారు. పొలాల ఎరువులోంచి నైట్రేటు బోర్లలోకి దిగుతుందనీ, ఆర్నెల్ల లోపు పిల్లలకి అది రక్తంలో ప్రాణవాయువు అందకుండా చేస్తుందనీ నేను చదివాను, చెప్పాను కూడా. విరేచనాల భయం ఒక్కటే బుర్రలో కూర్చుని మిగతాదంతా బయటికి నెట్టేసింది. ఆ సీసాలో ఉన్నది మామూలు బోరు నీళ్లు కూడా కాదు, రెట్టింపు చిక్కబడ్డ బోరు నీళ్లు.

"నీకెలా తెలుసు ఈరమ్మా?" అన్నాను.

ఆమె పాపని నా చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది. "పోయినేడు నా బిడ్డ గీడనే క్రాసింగుకు వచ్చింది, రెండు నెల్ల పిలగానితోని. దానికి పాలు రాలే, డబ్బా తెచ్చినం. ఊర్ల ఆశా వర్కరమ్మ నీళ్లు కాగబెట్టి పొయ్యమన్నది. కాగబెట్టినం. ఇంక జర ఎక్కువ్నే కాగబెట్టినం, మంచిదని. నాలుగు దినాలకు పిలగాని పెదవులు నేరేడుపండోలె అయినయ్. గద్వాల దవాఖానల డాక్టరు మొట్టమొదట అడిగింది గదే. ఎక్కడి నీళ్లు అని."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఉన్నడు. మంచిగున్నడు. కని మీ అసొంటోల్లను చూస్తే పానం దడదడ అంటది" అంది. "మేం గూడ మంచిదనే చేసినం గదమ్మా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈరమ్మ మీద కృతజ్ఞతా, నా మీద నాకు అసహ్యమూ రెండూ కలిసి వచ్చాయి. సీసాలో పాలు నేల మీద పారబోశాను.

ఈరమ్మ పాకలో మూత పెట్టిన ప్లాస్టిక్ బిందె ఉంది. ఊళ్లో ఇంటి నల్లాకి వచ్చే కృష్ణ నీళ్లు. కిలోమీటరున్నర నడిచి రోజూ పొద్దున్నే మోసుకొస్తుందట. ఆమె వాడుకోవడానికి మాత్రమే కాదు, పాకల్లో ఎవరి పసిపిల్ల ఉన్నా పాలు ఆ నీళ్లతోనే కలపాలని అందరికీ చెప్పిందట. గ్లాసు బిందెలో ముంచి నాకు ఇచ్చింది. "గిది పొయ్యి. గిది మంచిది."

ఈసారి ఆపడం నా వంతు. "నీళ్లు మంచివే ఈరమ్మా. కానీ బిందెలో పొద్దుట్నుంచి ఎన్ని చేతులు పడ్డాయో? ఇవి కూడా ఒక్కసారి మరగాలి. అరగంట కాదు, బాగా తెర్లి బుడగలొచ్చాక రెండు నిమిషాలు, మూత పెట్టి."

ఆమె పుప్పొడి అంటిన తన వేళ్లు చూసుకుంది. "గదిగూడ నిజమే" అంది. పొయ్యి మళ్లీ రాజేసింది. నీళ్లు ఆమెవి, మరిగించే లెక్క నాది. ఒకరి పద్ధతి ఇంకొకరికి లేకపోతే ఆ మధ్యాహ్నం ఇద్దరం చెరో సగం తప్పు చేసేవాళ్లం. పది నిమిషాలు పాపని ఆమె ఎత్తుకుని తిప్పింది, ఏదో పాట సణిగింది. దాదాపు మూడింటికి మేఘన సీసా ఖాళీ చేసి ఆమె భుజం మీదే తేన్చింది. ఖాళీ అయిన ఫ్లాస్కులు రెండూ అవే నీళ్లు మరిగించి నింపి ఇచ్చింది. మూతలు ఆమే బిగించింది.

గద్వాలలో కాచిగూడ వెళ్లే సాయంత్రం బండి ఎక్కాం. దాదాపు నాలుగు గంటల ప్రయాణం, కారు కంటే పిల్లకి సుఖం. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు చూసుకోండి. యాదయ్య మమ్మల్ని స్టేషన్లో దింపి, "నీళ్ల దుకాణం బంద్ అయ్యిందా అమ్మా?" అని అడిగి లింగాల వెళ్లిపోయాడు. బండి కదిలాక స్వప్నకి జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.   ఆమె పాపని ఒళ్లోకి లాక్కుంది.

ఈ ప్రయాణం గురించి రాయాలని కూర్చున్నప్పుడు మొదట నా ఫ్లాస్కుల గురించి, సీసాలు ఉడకబెట్టే పద్ధతి గురించి రాద్దామనుకున్నాను. అవన్నీ అవసరమే. కానీ భయపడే మనిషి తనకి తెలిసిన ఒక్క ప్రమాదం వైపే చూస్తుంది, వెనక నుంచి ఇంకోటి వస్తుంది. ఇంత చదువుకున్న నన్నూ, ఈరమ్మ కూతుర్నీ ఒకే తప్పులోకి నడిపించింది నిర్లక్ష్యం కాదు, జాగ్రత్తే. ఇది రాయడం నాకు సుఖంగా లేదు. అయినా రాశాను. పసిపిల్లతో పల్లెలకి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగిన చిట్కా ఒక్కటే. చేరగానే అంగన్‌వాడీ టీచరునో, పసిపిల్లలున్న ఒక తల్లినో పట్టుకుని, ఇక్కడ పిల్లల పాలలో ఏ నీళ్లు కలుపుతారు, ఏ నీళ్లు కలపరు అని అడగండి. కలపని నీళ్లని ఎంత మరిగించినా వాడొద్దు. కలిపే నీళ్లయినా ఒకసారి మరిగించకుండా వాడొద్దు.

మర్నాడు పొద్దున హైదరాబాదులో, మా వంటింట్లో, మా పొయ్యి మీద మరిగిన నీళ్లతో పాలు కలిపి సీసా స్వప్న చేతికి ఇచ్చాను. ఆమె పాప నోటికి పెట్టబోయి ఆగింది.

"ఎక్కడి నీళ్లమ్మా?"

నాకు కోపం రాలేదు. ఎక్కడివో చెప్పాను.