సగం తెరిచిన చాకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పదునైనవి మూడు ఉండేవి: చెరుకు నరికే కత్తి, మా నాయనమ్మ నోరు, మా తాత చాకు. మొదటి రెండూ ఎప్పుడూ తెరిచే ఉండేవి. చాకు ఒక్కటే మడతపెట్టుకుని మా తాత బనీను జేబులో బుద్ధిగా ఉండేది. కొమ్ము పిడి, కోసే అలుగు నా అరచేయంత. బీదర్ దిక్కు ఏదో జాతరలో కొన్నాడట. దానితో ఆయన పోకచెక్క కత్తిరించేవాడు, మేక గిట్టలు చెక్కేవాడు, కాలిగోళ్ళు తీసుకునేవాడు, మామిడికాయ కోసి మాకు పెట్టేవాడు. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ధోతికి తుడిచేవాడు. మేమంతా బతికే ఉన్నాం కాబట్టి ఆ పద్ధతిలో తప్పు లేదనే అనుకోవాలి.

మడత చాకులో అందరూ చూసేది అలుగును. నిజానికి పెత్తనం వెనకనున్న ఉక్కు పట్టీది. తెరిచినప్పుడు తెరిచి ఉంచేదీ, మూసినప్పుడు మూసి ఉంచేదీ అదే. అది విరిగిందంటే చాకు తెరిచీ ఉండదు, మూసీ ఉండదు. పట్టుకున్న వేళ్ళ మీదికి ఎప్పుడు మడుచుకోవాలనేది దాని ఇష్టం.

ఆ ఎండాకాలం చివర్లో మా తాత ఎరువు సంచి కుట్టు విప్పుతుంటే ఆ పట్టీ విరిగింది. అలుగు వదులైన పన్నులా వేలాడింది. అది విరగకూడని రోజులు. మూల గదిలో విత్తనం అల్లం కుప్ప పోసి ఉంది. దాన్ని కణుపుల దగ్గర ముక్కలు చేయాలి, ప్రతి ముక్కకూ రెండు మొలక కళ్ళు ఉండేలా చూడాలి. కుళ్ళు మచ్చ కనిపిస్తే చాకు మొనతో తవ్వి తీసేయాలి, లేకపోతే మొత్తం కుళ్ళిపోతుంది. పడమట ఆకాశం రోజూ సాయంత్రానికి నల్లబడుతోంది. వాన పడేలోపు అల్లం మట్టిలో ఉండాలి. ఎల్లుండికి కూలీలను పిలిచేసి ఉన్నారు.

మర్నాడు మొదటి బస్సుకు మా తాత జహీరాబాద్ బయల్దేరి నన్ను వెంటబెట్టుకున్నాడు. సంచి మోయాలన్నా, తోడు నడవాలన్నా ఆయనకు దొరికేది నేనే. సడక్ పక్కన లారీలు ఆగే చోట తాళాలు, గొడుగులు, స్టవ్వులు, చాకులు బాగుచేసే ఒక ముసలాయన ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన కుడిచేతికి మూడున్నర వేళ్ళు. అలాంటి మనిషి చేత కత్తి బాగుచేయించుకోవడం ధైర్యాన్ని ఇవ్వాలో, ఉన్న ధైర్యాన్ని పోగొట్టాలో నాకు అర్థం కాలేదు. నేను ఆ చేతినే చూస్తున్నానని ఆయన గమనించాడు.

"జల్దీ చేసిన," అన్నాడు.

ఆయన వెనక చెక్క అర ఒకటి ఉంది. దాని మీద ఆరేడు చాకులు వరుసగా, అన్నీ సగం తెరిచి, ఆకలేసిన పక్షిపిల్లల్లా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఏ ఒక్కటీ కదలడం లేదు. అయినా అవి దేనికోసమో ఎదురుచూస్తున్నట్టే అనిపించింది.

ఉస్తాద్ పాత రంపం ముక్క తీసి, ఆకురాయి పట్టి, విరిగిన పట్టీ కొలతకు తెచ్చాడు. బొగ్గుల మీద ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. మళ్ళీ సన్నని సెగ మీద పెట్టి, దాని రంగు నీలానికి తిరిగేదాకా కన్నార్పకుండా చూశాడు. ఆ సెగ తక్కువైతే పట్టీ గాజులా పెళుసుగా ఉంటుందట, ఎక్కువైతే మైనంలా వంగిపోతుందట. సరిగ్గా తగిలిందా లేదా అన్నది పైకి కనిపించదు. చీలలు కొట్టి, చాకును సగం తెరిచి, అర మీద పెట్టబోయాడు. మా తాత చెయ్యి చాచాడు.

"ఇయ్య," అన్నాడు ఉస్తాద్. "రేపు గీ యాళ్ల దాక గిట్లనే ఉండాలె. పూర తెరిస్తే పట్టీ పండుకుంటది, పూర మూసినా పండుకుంటది. సగంల పెడ్తెనే దాని మీద జోర్ పడ్తది. ఇరిగేదుంటె గీ తక్త మీదనే ఇరగాలె, నీ చేతుల కాదు."

"రేపు కూలోళ్లు వస్తున్రు ఉస్తాద్. మొగులు చూసినవా? మళ్ల బస్సెక్కి వచ్చుడంటే దినం పాయె."

"మొగులుకేం ఎరుక పటేలా, నీ ఏళ్లు ఎన్నున్నయో?"

చివరికి ఉస్తాదే తగ్గాడు. మా ఇంట్లోనే పెట్టుకోవచ్చు. రేపు పది దాటేదాకా మూయకూడదు, ఎవ్వరూ ముట్టకూడదు. తర్వాత నావైపు తిరిగి, "పిల్లా, కావలి నీది," అన్నాడు. ఆ మూడున్నర వేళ్ళనూ నా ముఖం ముందు ఒకసారి ఆడించాడు. అంత బాగా అర్థమైన పాఠం తర్వాత నా కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు.

చాకును గుడ్డల మధ్య సద్ది డబ్బాలో నిలబెట్టి, మూత పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. పక్కనున్న ఆయన ఏముందని అడిగితే, "కోడిపిల్ల," అన్నాడు మా తాత. "మూత పెడ్తే ఊపిరాడది." దారి పొడుగునా ఆ పెద్దమనిషి నా డబ్బావైపు జాలిగా చూస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక దాన్ని గోడ గూట్లో పెట్టారు. ఎవ్వరూ ముట్టొద్దని మా తాత అందరికీ చెప్పాడు.

"ఏందే, దానికి గిట్ల అమ్మోరు పోసిందా?" అంది మా చిన్నమ్మ నాతో. ఆమె మా బాబాయి భార్య. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు ఆమే కుట్టేది. ఆ రోజుల్లో మా ఇంట్లోకి నికరంగా వచ్చే రాబడి ఆమె కుట్టుమిషనుదే అని అందరికీ తెలుసు. ఎవ్వరూ పైకి అనేవారు కాదు.

నేను గూటికి ఎదురుగా కూర్చున్నాను. విరిగితే చప్పుడు ఎలా ఉంటుందో ఉస్తాద్ చెప్పలేదు. అందువల్ల ప్రతి చప్పుడూ అదే అయ్యే వీలుంది. దూలం కిర్రుమంది, బల్లి అరిచింది, పక్కింట్లో గిన్నె జారింది. నేను ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. చాకు మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉంది. సాయంత్రానికి ఆకాశం మళ్ళీ నల్లబడింది, ఉరిమింది, వాన పడలేదు.

ఉస్తాద్, మా తాత, నేను ముగ్గురమూ ఆలోచించని సంగతి ఒకటుంది. ఆ గూడు దీపం పెట్టే గూడు.

మా నాయనమ్మ దీపం పట్టుకుని వచ్చి ఆగిపోయింది. దీపాల వేళ ఇంట్లో కత్తి తెరిచి ఉంటే ఇల్లు రెండుగా చీలుతుందని ఆమె నమ్మకం. వాళ్ళ అత్త నుంచి వచ్చిన నమ్మకం. అందులో చర్చకు తావు లేదు. "లక్ష్మి వచ్చే యాళ్ల కత్తి నోరు తెరుసుకొని కూసుంటదా? గీ ఇల్లు ఉండాల్నా, పోవాల్నా?" అని చాకు తీసి టప్పున మూసింది.

"నాయనమ్మా, తాత మూయొద్దన్నడు!"

"మీ తాతకు చెప్పినవనుకో, ఆయన నన్నంటడు, నేను నిన్నంట. నీకెందుకు పిల్లా?"

లెక్క సరిగ్గానే ఉంది. చాకుతోపాటు నా నోరూ మూతపడింది.

మర్నాడు పొద్దున్నే, మా తాత ఇంకా చెంబు పట్టుకుని బయటికి వెళ్ళి ఉండగా, నేను గూటి దగ్గరకు వెళ్ళి అలుగును గోరుతో సగం దాకా లాగి పెట్టాను. అది అచ్చం నిన్నటిలాగే కనిపించింది. మోసం అంటే ఏదో పెద్ద పని అనుకునేదాన్ని అప్పటిదాకా. జడ వేసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

కూలీలు నలుగురు వచ్చారు. వాకిట్లో గోనె పరిచి అల్లం పోశారు. అప్పటిదాకా చేత్తోనే విరుస్తున్నారు, మచ్చలున్నవి పక్కకు వేస్తున్నారు. పది గంటల బస్సు మలుపులో హారన్ కొట్టగానే మా తాత లోపలికి వచ్చాడు.

"గట్లనే ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది తాతా."

మాట పట్టుకుని చూస్తే అబద్ధం కూడా కాదు. ఆ నిమిషానికి చాకు సగం తెరిచే ఉంది. ఆయన రెండోసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. అడగలేదు. నమ్మాడు. చాకు తీసుకెళ్ళి మా చిన్నమ్మకు ఇచ్చాడు.

అల్లం కోసేటప్పుడు బలం అలుగు అంచు మీద పడుతుంది, చాకు తెరుచుకునే ఉంటుంది. మచ్చ తవ్వేటప్పుడు అలా కాదు. మొనతో పొడవాలి. అప్పుడు అలుగు వెనక్కి మడుచుకోకుండా ఆపేది ఆ పట్టీ ఒక్కటే. ఇదంతా నాకు అంత చక్కగా తెలియకపోతే బాగుండేది. మా చిన్నమ్మ మొదటి దుంప కోసింది. రెండోది కోసింది. పక్కనున్నామె కోడలి గురించి ఏదో అంటుంటే నవ్వుతోంది. ఆమె నాలుగు వేళ్ళూ పిడి చుట్టూ, సరిగ్గా అలుగు వచ్చి పడాల్సిన చోట, వరుసగా ఉన్నాయి. పడమట మళ్ళీ ఉరిమింది. మూడో దుంపకు నల్లటి మచ్చ ఉంది. ఆమె చాకు మొన అటు తిప్పింది.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. మా తాత చెవి దగ్గర ఉన్నాను.

"తాతా, నిన్న చాకు మూసిన్రు. పొద్దుగాల నేనే తెరిచి పెట్టిన."

ఆయన నావైపు తిరగను కూడా లేదు. గొంతు పెంచలేదు.

"బిడ్డా, జర చాకు ఇటియ్యి. పొగాకు కోసుకుంట," అన్నాడు మా చిన్నమ్మతో.

"గిప్పుడే ఇచ్చి గిప్పుడే అడుగుతవా మామా! గీ మచ్చ తీసి ఇస్త, ఆగు."

"మచ్చ యాడికి పోదు. ముందు ఇటియ్యి."

గొణుక్కుంటూ ఇచ్చింది. మా తాత దాన్ని మూసి, మళ్ళీ సగం తెరిచి, అందరికీ కనిపించేలా వాకిటి పిట్టగోడ మీద పెట్టాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"ఎప్పటిసంది?" అన్నాడు.

నేను ఇంకో ప్రశ్నకు సిద్ధపడి ఉన్నాను. గడపలో మా నాయనమ్మ చేట ఆడించడం ఆపేసి ఉంది. ఆమె కూడా ఇంకో ప్రశ్నకే సిద్ధపడి ఉంది.

"దీపం పెట్టే యాళ్ల సంది," అన్నాను. "పొద్దుగాల దాక."

"అయితే మళ్ల మొదటిసంది," అని గోడ మీది చాకు వైపు చూశాడు. ఎవరు మూశారని అడగలేదు. నువ్వెందుకు చెప్పలేదనీ అడగలేదు. అడిగి ఉంటే ఆ పూటంతా మా ఇంట్లో అదే పని నడిచేది, చాకు సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. కాసేపటికి గడపలో చేట మళ్ళీ ఆడింది, మునుపటికన్నా మెల్లగా.

అల్లం చేత్తోనే విరిచారు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. కానీ అందరూ మధ్యమధ్య పిట్టగోడ వైపు చూడడం మొదలుపెట్టారు. గాలి నిలిచిపోయింది. మధ్యాహ్నం జొన్నరొట్టెలు పెట్టుకుని అందరూ వాకిట్లోనే తింటున్నారు.

ఆ చప్పుడు చాలా చిన్నది. ఎండిన పెసరకాయ చిట్లినట్టు, అంతే. పిట్టగోడ మీద చాకు తనంతట తానే ఒకసారి కదిలింది. అలుగు పిడిలోకి వాలిపోయింది, నిద్రొచ్చిన మనిషి తల వాలినట్టు.

మా చిన్నమ్మ రొట్టె ముక్క పట్టుకున్న తన కుడిచేతిని చూసుకుంది, ఒక్కో వేలూ. తర్వాత ఆ ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది.

"మామా," అంది, "పొగాకు కోసుకున్నవా?"

మా తాత నవ్వలేదు. ముందు నవ్వింది మా నాయనమ్మ. అది సగంలో ఏడుపైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వాన పడింది. అల్లంలో కొంత కుళ్ళింది కూడా. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

వారం తర్వాత ఉస్తాద్ దగ్గరకు వెళ్తే ఆయన సిగ్గూ పడలేదు, ఆశ్చర్యమూ పడలేదు. "నా తక్త మీద ఇరగాల్సింది నీ గోడ మీద ఇరిగింది, గంతే. కూసో, ఇంకోటి చేస్త," అన్నాడు. ఈసారి మా తాత చాకును అక్కడే వదిలి వచ్చాడు.

తర్వాత నేను చదువుకుని, ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసుకునే ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. ల్యాబులో వస్తువులు పగలడం పాఠ్యప్రణాళికలో భాగం. పిల్లలు తలలు వంచుకుని నిలబడి ఉండేవారు, ఒకే ఒక ప్రశ్న కోసం. నేను అది అడిగేదాన్ని కాదు. ఎప్పుడు పగిలింది, ఆ తర్వాత దానితో ఎన్ని రీడింగులు తీశారు అని అడిగేదాన్ని. వెంటనే చెప్పేసేవారు. నేను మెత్తటి మనిషినని లెక్చరర్లు అనుకునేవారు. అలా అనుకోనిచ్చాను.

మొన్న మా మనవరాలు వచ్చి, గీజర్ దగ్గర ఏదో కాలిన వాసన వస్తోందనీ, దానికీ తనకూ ఏ సంబంధమూ లేదనీ ఒకే ఊపిరిలో చెప్పింది.

"ఎప్పటిసంది?" అన్నాను. ఇన్నేళ్ళ చదువూ ఉద్యోగమూ అయ్యాక కూడా ఆ ఒక్క మాట నా నోట్లో మా ఊరి యాసలోనే వస్తుంది.

పిల్ల నా ముఖం చూసింది. ఇంకో ప్రశ్న కోసం కాసేపు ఎదురుచూసింది. రాలేదు.

"నిన్న పొద్దుట్నుంచి," అంది.

లేచి వెళ్ళి మెయిన్ ఆపాను.