జాజు గిటారు

ఆ రోజుల్లో మా తిరుపతిలో సంగీతం తెలియని ఇల్లు ఉండేది కాదని పెద్దవాళ్ళు గొప్పగా చెబుతారు గానీ, నాకు గుర్తున్నంతవరకు సంగీతం గురించి అభిప్రాయం లేని ఇల్లు మాత్రమే ఉండేది కాదు. తెలియడం వేరు, అభిప్రాయం ఉండడం వేరు. ఊరేగింపులో నాదస్వరం వాయిస్తూ పోతుంటే, అరుగు మీద పళ్ళు తోముకుంటున్న మనిషి కూడా నోట్లోంచి వేపపుల్ల తీసి, "ఈ పొద్దు శ్రుతి కుదరలేదప్పా" అని మళ్ళీ పెట్టుకునేవాడు. అటువంటి ఊళ్ళో పుట్టి, నేను వీణ జోలికీ ఫిడేలు జోలికీ పోకుండా గిటారు మీద మనసు పడ్డాను. గిటారు అంటే మా వీధిలో సగం మందికి రోడ్డుకు పోసే టారులో ఒక రకం. మిగతా సగం మందికి అంతమాత్రం కూడా తెలియదు.

తప్పు నాది కాదు, పాకాల జంక్షనుది. మీసం సరిగ్గా రాకముందే నాకు ఆ స్టేషన్లో పార్సిలు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చిత్తూరు నుంచి వచ్చే మామిడిపళ్ళ బుట్టలకు చీటీలు అంటించడం, కారుతున్న బుట్టలను పక్కన పెట్టించడం నా పని. (పక్కన పెట్టిన పళ్ళు ఏమయ్యేవని అడక్కండి.) స్టేషను వెనక క్వార్టర్లలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. అందరూ గార్డుదొర అనేవాళ్ళు. దొర అంటే లండన్లో పుట్టాడనుకునేరు, ఆయనా ఆయన తండ్రీ ఇద్దరూ పాకాలలోనే పుట్టారు. తెలుగు నాకంటే వేగంగా మాట్లాడేవాడు, మాట చివర 'మ్యాన్' అని తగిలించేవాడు, అంతే తేడా. డ్యూటీ లేని సాయంత్రాలు వరండాలో కూర్చుని గిటారు వాయించేవాడు. నేను మొదట గేటు బయట నిలబడి, తర్వాత మెట్టు మీద కూర్చుని, చివరికి ఆయన ఎదురుగా మోడా మీద కూర్చుని వినేంతవరకు ఎదిగాను. ఉద్యోగంలో అంత త్వరగా ఎప్పుడూ ఎదగలేదు. ఆయన దగ్గర తీగలు నొక్కే నాలుగు పట్లు నేర్చుకునేసరికి నా ఎడమచేతి వేళ్ళు కాయలు కాశాయి. ఇదేమని అమ్మ అడిగితే ఆఫీసులో రాతపని ఎక్కువని చెప్పాను. "ఎడం సేత్తో రాస్తావా నాయనా?" అని మాత్రం అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

గార్డుదొర దగ్గర రెండు గిటార్లు ఉండేవి. మామూలు గిటారు పొట్ట బల్లపరుపుగా, మధ్యలో గుండ్రటి రంధ్రంతో ఉంటుంది. ఇవి అలా కాదు. పొట్ట ఫిడేలుకు మల్లే ఉబ్బుగా చెక్కి, రెండు పక్కలా మెలిక తిరిగిన చీలికలు పెట్టారు. "బ్యాండులో బూరలు, డ్రమ్ములు మోగతా ఉంటే మధ్యలో ఇది వినపడాల గదా మ్యాన్. అందుకే ఇట్ల చెక్కినారు. ఇవి జాజ్ గిటార్లు" అని చెప్పాడాయన. ఆయన జాజ్ అన్నాడు. తెలుగు నాలుకకు మాటను హల్లు మీద ఆపడం చేతకాదు కాబట్టి నేను జాజు అన్నాను. ఆ చివరి ఉకారం నా కొంప ఎలా ముంచిందో కాసేపట్లో చెబుతాను.

పెద్ద గిటారు యుద్ధకాలంలో మద్రాసులో ఒక అమెరికా సిపాయి నుంచి వచ్చింది. మీగడ రంగు చెక్క, వెడల్పాటి ఒళ్ళు. మీటితే ఖణేల్మని మోగి, ఎంత గట్టిగా మోగిందో అంత త్వరగా ఆగిపోయేది. రైలు కూత వేస్తున్నా వినపడేది. చిన్నది దానికంటే పాతది. ఎర్రటి గోధుమ రంగు, అంచుల్లో నలుపు. దాని గొంతు దగ్గరికి వెళ్తేనే తెలిసేది గానీ, ఒక్కొక్క స్వరం గుండ్రంగా, తొణక్కుండా వచ్చేది. ఇరవయ్యేళ్ళవాడికి గుండ్రదనంతో పనేముంది? నాకు పెద్దదే కావాలి. రాత్రిళ్ళు కలలో దాన్ని వాయిస్తుంటే తిరుపతి నాదస్వరాలన్నీ చిన్నబోయేవి.

స్వతంత్రం వచ్చిన కొత్తలో గార్డుదొర కుటుంబమంతా సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్ళిపోవడానికి సిద్ధమైంది. ఒకరోజు నన్ను పిలిచి రెండు పెట్టెలూ ముందు పెట్టాడు. "ఓడలోకి ఒక్కటే తీసకపోతా. రెండోది నీకిస్తా, ఊరికే కాదు. రెండూ ఇంటికి తీసకపో, వాయించుకో, ఆదివారం వచ్చి వీటికి తేడా ఏందో చెప్పు. మంచిది, చెడ్డది అనొద్దు. ఇద్దరు మనుషులనుకో. ఎవరు ఎట్లాంటోళ్ళో చెప్పు మ్యాన్. సరిగ్గా చెప్తే నీకు ఏది కావాల్నో అది నీది. చెప్పలేకపోతే ఒకటి మద్రాసులో అమ్మేసి పోతా." ఆయన రెండు గిటార్లను నమ్మి నా చేతికిచ్చాడన్న సంతోషంలో, ఇది పరీక్ష అన్న సంగతి నాకు రైలెక్కిన తర్వాత గానీ బోధపడలేదు.

మా నాయనకు తిరుపతిలో ఇత్తడి పాత్రల కొట్టు ఉండేది. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, కొట్లో బేరం చేస్తుంటే ఎదురు వరస కొట్లలో కూడా ధర తగ్గించుకునేవాళ్ళు. నేను రెండు నల్లపెట్టెలతో గడప దాటగానే, "ఏందిరా అవి? ఎవుర్ని పెట్టుకోని వచ్చినావు లోపల?" అని అరిచాడు. సంగతి చెప్పాను. మరుక్షణం అరుపు మరచిపోయి, గిటార్లను చెరో చేత పైకెత్తి తూకం చూశాడు. "పెద్దది సూసేదానికే గానీ బరువు ల్యా. సిన్నది దళసరిగా ఉండాది. సిన్నదే తీసుకో" అని తీర్పు చెప్పాడు. (ఇత్తడి తూకానికి అమ్మేవాడికి ప్రపంచమంతా తూకమే.) మా వీధి ఫిడేలు అయ్యవారు వచ్చి రెంటినీ మీటించి, "మీటితే మోగె, మోగితే పాయె. నాదం నిలవదే" అని పెదవి విరిచాడు. అయినా నా మీద జాలిపడి, పెద్దదానిలో తారస్థాయీ ప్రకాశమూ, చిన్నదానిలో మంద్రస్థాయీ గాంభీర్యమూ ఉన్నాయని ఒక వాక్యం చెప్పి పోయాడు. ఆదివారానికి అదే నా ఆయుధమని బట్టీ పట్టాను.

అవ్వ మాత్రం, అంటే నాయన తల్లి, చేటలో బియ్యం ఏరుకుంటూ అంతా వింది. "ఇంకొకసారి కొట్టు అబ్బోడా" అంది. కొట్టాను. "పెద్దది మీ నాయనరా. గట్టిగా అరస్తాది, అరిసినాక మరిసిపోతాది. సిన్నది మీ అమ్మ. మెల్లిగా అంటాది గానీ, అది మూడు దినాలు సెవుల్లోనే ఉంటాది." నాయన పెద్దగా నవ్వాడు. అమ్మ నవ్వలేదు, వంటింట్లో గిన్నె ఒకటి కొంచెం నెమ్మదిగా కింద పెట్టిన చప్పుడైంది. నేను ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు, గాంభీర్యం లేదు కదా దాంట్లో. పైగా గర్వంగా, "ఇవి మామూలు గిటార్లు కాదవ్వా, జాజు గిటార్లు" అన్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా అవ్వ పుట్టినూరు కర్నూలుకు అవతల. మా ఇంటికి కోడలుగా వచ్చి మా మాటలన్నీ నేర్చుకుంది గానీ, కొన్ని పుట్టింటి మాటలు వదల్లేదు. గోడలకూ గడపలకూ పూసే ఎర్రమన్నును మేము కావి అంటాం. ఆమె చచ్చినా కావి అనేది కాదు, జాజు అనేది. "జాజు గిటార్లా?" అని ఆమె రెంటినీ మార్చి మార్చి చూసింది. ఎర్రటి చిన్నదాన్ని చూసి తల ఊపింది. తెల్లటి పెద్దదాన్ని చూసి, "అయ్యో పాపం, దీనికంతా పొయిందే" అంది. పొయింది అంటే ఆ గిటారు గొంతు పొయిందని అంటోందనుకుని, ముసలావిడకు ఏం తెలుసులే అని ఊరుకున్నాను.

శుక్రవారం నేను పాకాలకు డ్యూటీకి వెళ్ళాను. ఆ రోజే అవ్వ గంజిలో జాజు కలిపి గడపలన్నిటికీ పూసింది. ముంతలో కొంచెం మిగిలింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి, అమెరికా నుంచి సముద్రాలు దాటి వచ్చిన ఆ మీగడ రంగు గిటారు మా ఇంటి గడపలాగా ఎర్రగా మెరుస్తూ, ఎండలో గోడకు ఆనుకుని ఆరుతోంది. సున్నంతో రెండు బొట్లు కూడా పెట్టింది. "పరాయోళ్ళ వస్తువు, మంచిగా సేసి ఇయ్యాల గదా" అంది అవ్వ. "లోపల గూడా పూసినా. సెయ్యి పట్టలా. ఆ రెండు సీలికలు పూసేదానికే పెట్టినారు గామాల, ముంత వంచి పోసి అటూ ఇటూ ఊపినా."

నాయన వచ్చి చూసి, వీధి మొత్తం వినేలా నన్ను తిట్టాడు. అవ్వను ఏమీ అనలేక ఆమె వాటా తిట్లు కూడా నాకే పెట్టి, వెంటనే "ఆకలైతాంది, పెట్టు" అని పీట వాల్చుకున్నాడు. అమ్మ తడిగుడ్డ తెచ్చి నా పక్కన కూర్చుని తుడిచింది. పైన పూసింది చాలావరకు పోయింది, చెక్కకు చిన్న ఎరుపు జీర మాత్రం మిగిలింది. తుడవడం అయిపోయాక, "నువ్వు సరిగ్గా పలికింటే సరిపొయ్యేది" అని గుడ్డ పిండుకుంటూ వెళ్ళింది. ఆ రాత్రి గిటారు లోపల పోసిన జాజు సంగతి నాకు గుర్తే రాలేదు, ఆ మాటే గుర్తుకు వచ్చింది.

ఆదివారం నేను రెండు పెట్టెలతో వెళ్ళేసరికి గార్డుదొర చర్చి నుంచి అప్పుడే వచ్చాడు. మల్లెపువ్వులాంటి తెల్ల సూటు. వరండాలో కూర్చుని ముందు చిన్నదాన్ని కొంచెం వాయించి, "చెప్పు" అన్నాడు. నేను చేతులు కట్టుకుని మంద్రస్థాయీ గాంభీర్యం అప్పజెప్పాను. "అది ఎవరి మాట మ్యాన్?" అన్నాడు. పెద్దదాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని గొంతు పెద్దది కదా అని గట్టిగా ఒక్క దెబ్బ కొట్టాడు. రెండు చీలికల్లోంచి బుస్సుమని ఎర్రటి దుమ్ము లేచి, ఆయన తెల్ల కోటు మీదా, మీసాల మీదా పడింది.

"ఇదేంది?" అన్నాడు.

"జాజు సార్."

"జాజే, నాకు తెలుసు. నేను వాయించింది జాజే. ఈ ఎర్రది ఏంది?"

"అదే సార్. జాజు."

ఆయన నా వైపు చూసిన చూపుకు ఉద్యోగం కూడా పోతుందనుకున్నాను. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. అవ్వ పుట్టినూరు, గడపలు, ముంత, సున్నంబొట్లు, భయంలో ఎక్కడ ఆగాలో తెలియక, పెద్దది మా నాయన, చిన్నది మా అమ్మ అని అవ్వ చెప్పిన మాట కూడా. దొర గిటారును బోర్లించి ఊపాడు. మా గడపకు సరిపడా జాజు వరండాలో రాలింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టి, దొరసాని చీపురు పట్టుకుని వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని మళ్ళీ మీటాడు. దాని గొంతు మారింది. ఖణేల్మనే ఆ పొగరు పోయి, కొంచెం బొంగురుగా, కొంచెం మెత్తగా పలికింది. "మీ అవ్వ చెప్పిందే సరైన జవాబు. నీది కాదు" అన్నాడు. అంతలోనే గిటారు పొట్ట మీద తట్టాడు. "కానీ వీడు ఈడ మన్ను తిన్నాడు మ్యాన్. కడుపు నిండా ఈడ మన్ను పెట్టుకున్నోడు ఇంకో దేశం పోయి ఏం చేస్తాడు? ఈడే ఉండనీ." గిటారును నా ఒళ్ళో పెట్టి, తన కోటు మీది ఎరుపును చేత్తో దులుపుకోబోయి, ఎందుకో ఆగి, అలాగే వదిలేసి లోపలికి వెళ్ళాడు. ఆయన పుట్టింది కూడా పాకాలలోనే అన్న సంగతి రైల్లో తిరిగి వస్తుంటే గానీ నాకు తట్టలేదు. తట్టినా నేను మాత్రం, కోరుకున్న గిటారు వచ్చింది గానీ కోరుకున్న గొంతు రాలేదే అని కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆ గిటారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది నాదస్వరాలను చిన్నబుచ్చలేదు, నేనూ చిన్నబుచ్చలేదు. చాలా ఏళ్ళ తర్వాత నాయన పెద్దవాడై గొంతు తగ్గి, బొంగురుగా, మెత్తగా నన్ను కేకేస్తే, ఆ గొంతు నాకు ముందే తెలుసునని అనిపించేది. ఆయన పోయాక దాన్ని ఎక్కువగా వాయించడం మొదలుపెట్టాను. గట్టిగా కొడితే ఇప్పటికీ పంచె మీద కొంచెం ఎర్రటి దుమ్ము రాలుతుంది. "లోపల ఒకసారి కడిగించగూడదా" అంటుంది మా ఆవిడ, మెల్లిగానే. నేను మాత్రం కడిగించేది లేదు, దాని జోలికి ఎవరూ పోవద్దని ఇల్లు అదిరిపోయేలా అరుస్తాను. అరిచి, మరుక్షణమే దేనికి అరిచానో మరచిపోయి, కాఫీ అడుగుతాను.