అగ్రిజెంటో ఆయన వదులుకున్న సెలవు

మొన్న ఇటలీ వెళ్ళిన మా అమ్మాయి, అగ్రిజెంటో అనే ఊళ్ళో ఎండలో నిలబడి వీడియో కాల్ చేసి, గ్రీకుల కాలం నాటి గుళ్ళ స్తంభాలను ఒక్కొక్కటిగా చూపిస్తుంటే, ఇక్కడ గల్ఫ్‌లో, మెసైమీర్‌లోని అమ్మాయి వాళ్ళింట్లో కూర్చున్న నా చూపు మాత్రం ఆ గుళ్ళకు పైన, కొండ మీద గుంపుగా కనిపిస్తున్న ఇళ్ళ దగ్గరే ఆగిపోయింది. వాటిలో ఒకటి, ఇక్కడి చమురు బావుల ఊరు దుఖాన్‌లో నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాతో పనిచేసిన ఇటలీ ఆయనది.

నాకంటే బాగా పెద్దవాడు. పంపుల మరమ్మతు మా ఇద్దరి బాధ్యత కాబట్టి, ఒకరు ఊరెళితే రెండోవారు కదలడానికి వీల్లేదు. సాయంత్రాలు క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని, వాళ్ళమ్మ బాదంకాయలు ఎండబోసే డాబా మీంచి ఆ గుళ్ళూ, వాటి వెనక సముద్రమూ ఎలా కనిపిస్తాయో ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతుంటే, నాకు మా అమ్మ వడియాలు పెట్టే డాబా గుర్తొచ్చేది.

ఆ ఏడు సెలవు వంతు ఆయనది. ప్రయాణానికి అన్నీ సర్దుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే, కాకినాడలో మా ఆవిడకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయనీ, ఇద్దరికీ ప్రమాదమంటున్నారనీ మా బావమరిది ఫోన్ చేశాడు. ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే మేనేజరు దగ్గరికి వెళ్ళి, తన సెలవు నాకు మార్పించి వచ్చాడు.

"నువ్వెళ్ళు. మా అమ్మకేం, ఆ గుళ్ళలాగా గట్టిది. ఇంకో నెల ఆగుతుంది" అన్నాడు.

అమ్మాయి పుట్టింది, తల్లీబిడ్డలు బతికి బయటపడ్డారు. తిరిగొచ్చిన రోజు, నన్ను తీసుకెళ్ళడానికి విమానాశ్రయానికి వచ్చిన జగిత్యాల డ్రైవరు సగం దారిలో బండి వేగం తగ్గించి చెప్పాడు.

"సార్, ఇటలీ సార్ వాళ్ళమ్మ పోయింది. మీరు పోయినంక వారానికే. డ్యూటీ ఇడిసి పోలేకపోయిండు."

ఇటలీ ఆయన ఎదురొచ్చి ముందుగా అడిగింది మా పాప ఫొటో. దాన్ని చాలాసేపు చూసి, అమ్మ పోలికా అన్నాడే తప్ప, తన సంగతి ఎత్తలేదు. నేను క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నా తప్పేముందని మా ఆవిడ ఎన్నిసార్లన్నా, అమ్మాయి పుట్టినరోజు వచ్చిందంటే చాలు, అదే రోజుల్లో కొడుకు కోసం ఎదురుచూస్తూ కన్నుమూసిన ఆ పెద్దావిడ గుర్తొచ్చి, నోట్లో మిఠాయి రుచి తెలియదు నాకు. తన పుట్టుక మీద ఆ బరువు ఎందుకని అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా నిమిషంలో తెలుస్తుంది, ఆ పూటే విమానం ఎక్కవచ్చు, మన బదులు కంపెనీ ఇంకెవరినో పెడుతుంది. మంచిదే, ఒకరి వంతు ఇంకొకరు వదులుకోవలసిన అవసరం లేదు. అయితే ఆఫీసులో పక్క సీటు మనిషిది ఏ ఊరో, ఇంటి దగ్గర ఎవరున్నారో మా అమ్మాయికి తెలియదు. అడిగితే, అవన్నీ మనకెందుకు నాన్నా అంటుంది.