ఇచ్చట పతి కొనబడును

పొద్దున లేవగానే మా ఆయన రంగు బ్రష్షులు కిరసనాయిలులో కడిగి ఆరబెట్టడం నా పనిగా ఉండేది. కిందటేడు ఆయన పోయారు. ఇప్పుడు ఆ వేళకు గడపలో కూర్చుని ఆయన గురించి రాస్తున్నాను. పెద్దమందడిలో మా మహిళా సంఘం వాళ్లు చిన్న పుస్తకం వేస్తున్నారు. మీకు తెలిసిన మనిషి కథ రాయమన్నారు.

నేను చదివింది ఐదో తరగతి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చిత్తు కాగితాల మీద తోచినట్టు రాస్తూ పోయాను. ముందు ఆయన పుట్టుక, మా పెళ్లి రాశాను. అది కొట్టేసి ఆయన గుణాలు రాశాను. తాగేవారు కాదు, ఎవరినీ ఒక మాట అనేవారు కాదు. దుకాణాలకు బోర్డులు రాసే హన్మంతు అంటే అందరికీ గౌరవం అని కూడా రాశాను.

పక్కింటి తాజ్‌బీకి చదివి వినిపించాను. బియ్యం చెరుగుతూ విన్నది.

"గీ మనిషి ఎవలక్కా? మన వాడకట్టులైతే లేడు."

"మా ఆయనేనే."

"మరి పతి బోర్డేది?"



వనపర్తిలో నర్సింహులు సేటు పత్తి దుకాణానికి ఆయన ఎర్ర రంగుతో బోర్డు రాశారు. గుండ్రటి అక్షరాలు, చూడముచ్చటగా ఉండేవి. ఒత్తు ఒక్కటి మరిచారు. పత్తి కాస్తా పతి అయింది. బజారులో ఆడవాళ్లు నన్ను ఆపి, "సేటు నీ పతిని క్వింటాలెంత లెక్కన తీసుకున్నడే?" అనేవాళ్లు.

ఒత్తు పెడదామని ఆయన రంగు డబ్బా పట్టుకొని పోతే సేటు నిచ్చెన ఎక్కనివ్వలేదు.

"ఉండనీ హన్మంతు. జనం నిలబడి చూస్తుండ్రు. బేరం మంచిగున్నది."

ఆ తర్వాత ఆయన ఆ బజారులో నడవలేదు. బస్టాండు వెనక సందుల్లోంచి తిరిగి పోయేవారు. నా చిత్తులు కూడా ఆ బజారు తప్పించుకొనే తిరిగాయి.

ఇంకో కాగితం తీసి బోర్డు దగ్గరి నుంచే మొదలుపెట్టాను. పోయిన మనిషిని మళ్లీ నవ్వులపాలు చేస్తున్నానా అని సిగ్గుతో చెయ్యి ఆగిపోయేది. అయినా ఆయన నాకు కనిపించింది ఆ చిత్తులోనే. నిచ్చెన కింద నిలబడి, డబ్బా మూత తీయకుండా, సేటు మాటకు తల ఊపుతూ.

సంఘం లీడరు సుగుణమ్మ అది చదివింది.

"బోర్డు ముచ్చట తీసెయ్ వదినా. నలుగురు చదివేది. కొట్టివేతల్లేకుండ మంచిగ సాపు రాసి తే."

తెల్ల కాగితాలు కూడా తనే ఇచ్చింది. వాటి ముందు కూర్చుంటే నా చెయ్యి మళ్లీ ఆయన్ని అందరూ గౌరవించే మనిషిని చేయబోయింది. కాగితాలు మడిచి పక్కన పెట్టాను. కొట్టివేతలతో ఉన్న చిత్తే తీసుకుపోయి సుగుణమ్మకు ఇచ్చాను. సాపు రాయలేదు.