కొండ మీద తువ్వాలు, బబులోను సైన్యం

మా ఊరి మత్స్యకారుల తరఫున అధికారులకి వెళ్లిన అర్జీ రాసింది నేనే. అందులో పరాయి రేవుల నుంచి వచ్చే పెద్ద మరపడవల గురించి రెండు పేజీలున్నాయి. మా బావ అన్న మాట ఒక్కటీ లేదు. రాయొద్దన్నారు, రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను.

ఐదో తరగతితో బడి మానేసి, పోర్టులో కూలీగా చేరి, కంచరపాలెంలో స్థిరపడ్డవాణ్ణి నేను. నా చదువంతా మా పేట గ్రంథాలయంలోనే. బీరువాలో పుస్తకాలు ఎడమ నుంచి కుడికి వరసగా చదవడం నా పద్ధతి. కష్టంగా ఉందని ఒక్కటీ దాటెయ్యలేదు. చరిత్ర బీరువా పూర్తయ్యాక మతాల బీరువా మొదలైంది. అలా బైబిలు చేతికొచ్చింది.

"ఏటి తాతా, మతం మారిపోతన్నావేటి?" అంది గ్రంథాలయం చూసుకునే అమ్మాయి.

"మా అమ్మోరు ఊరుకుంటాదేటమ్మా? వరసలో వచ్చింది, సదువుతన్నాను."

పాత నిబంధనలో ప్రవక్తల దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఓడిపోయిన రాజులు ఏం చెప్పుకుంటారో చరిత్ర బీరువా నాకు నేర్పింది. ఎవడో ద్రోహం చేశాడంటారు, కాలం కలిసిరాలేదంటారు. వీళ్లు అలా అనలేదు. అష్షూరు వాళ్లు వస్తారు, బబులోను వాళ్లు వస్తారు, మన గోడలు కూలతాయి, వాళ్లని పంపేది మన దేవుడే అన్నారు. ఎందుకంటే బీదవాడి పొలం లాక్కున్నది మనమే, దొంగ తూకం తూచింది మనమే అని నడివీధిలో చెప్పారు. ఆ మాటకి ఒకాయన్ని బురద గోతిలోకి దించేస్తే, పైకి వచ్చాక కూడా అదే మాట చెప్పాడు. అలాగని శత్రువుని వెనకేసుకురాలేదు. దేవుడి చేతిలో కర్రగా వచ్చినవాడు తానే గొప్పవాణ్ణని మిడిసిపడితే వాడికీ శిక్ష తప్పదన్నారు. తమని తిట్టిన మాటలన్నీ ఆ ఓడిన జనం చెరిపెయ్యకుండా దాచుకోవడం నాకు ఇంకా గొప్పగా తోచింది.

అక్కడే కావలివాడి సంగతి ఉంది. కత్తి వస్తోందని చూసి కూడా బూర ఊదకపోతే, చచ్చినవాళ్ల రక్తానికి వాడే జవాబు చెప్పాలట. చదవగానే బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క మొగుడు. డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున ఉన్న మా ఊళ్లో అలివి వలకి, అంటే ఒడ్డు నుంచి అందరూ కలిసి లాగే పెద్ద వలకి, కొండ మీద కాపు ఆయనదే. నీళ్ల రంగుని బట్టి ఏ చేప గుంపో, ఎటు కదులుతోందో కనిపెట్టి, తువ్వాలు ఊపి కింద పడవని నడిపిస్తాడు. తాతల నాటి నుంచి వాళ్లింటిదే ఆ కాపు. ఊళ్లో అంతకు మించిన మర్యాద లేదు.

కొన్నాళ్లుగా వల ఖాళీగా వస్తోంది. పెద్ద పడవలే ఊడ్చేస్తున్నాయని ఊరంతా కోపంగా ఉంది. ఊరి సభ పెట్టి, అర్జీ రాయడానికి నన్ను పిలిచారు. సభకి ముందు, అరుగు మీద వల బాగుచేసుకుంటున్న బావకి నా ప్రవక్తల గురించి గొప్పగా చెప్పాను. కావలివాడి మాట రాగానే ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఆడు ఊదనేదు. నాను ఊపకూడనప్పుడు ఊపీసినాను కదరా బామ్మర్దీ."

"ఏటి బావా అది?"

"పిల్ల కవళ్లని, ఇంకా ఎదగని సేపలని, పైనుంచే తెలిసిపోయీది. ఆ రంగే వేరు. కింద అందరూ నా కేసే సూత్తన్నారని ఊపీసినాను. ఒకపాలి కాదు, ఎన్నిపాల్లో."

"ఆ మాట సభలో అంటే నిన్ను కొండ దించేత్తారు."

"దించనీ."

సభలో లేచి నిలబడ్డాడు. "పెద్ద పడవలోల్లది తప్పే, రాయండి. కానీ పిల్ల సేపని ముందు తినీసింది మనం. సూపించింది నాను."

"ఆ పడవలోల్లు మావకి మందు గానీ పోయించినారేటి?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఊరిపెద్ద నవ్వలేదు. "తెలిసి తెలిసి సూపించినోడికి కొండెందుకు?" అని, నా వైపు తిరిగి, ఆ సంగతి కాగితం మీదకి రాకూడదన్నాడు. బావ తన దగ్గర కాపు నేర్చుకున్న మనిషిని పిలిచి, భుజం మీది తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టాడు. నేను తలొంచుకుని పడవల గురించే రాశాను.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. తాడు లాగేవాళ్ల వరసలో బావ అందరికన్నా చివర ఉన్నాడు. నీళ్లలో నల్లగా గుంపు కదలడం నా కళ్లకే ఆనింది. కొండ మీద తువ్వాలు మాత్రం లేవలేదు.

"ఒరే, ఊపవేటిరా? నిద్దరోతన్నావా?" అని కింద కేకలు.

కొత్త కాపు మనిషి చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఊరిపెద్ద కొండకేసి చూశాడు, తర్వాత బావకేసి చూశాడు.

"పిల్లలే అయ్యుంటాయి. ఒగ్గీండి" అని తాడు కింద పడేశాడు.

బావ వంగి ఆ తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

పేర్లు రాయొద్దని బావ గట్టిగా చెప్పాడు కాబట్టి మనుషుల్నే తలుచుకుంటాను. గడువు దాటినా ఆ పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం అమ్మాయికి, ఇదంతా చదివించుకుని విని రెండుచోట్ల సరిదిద్దిన మా అక్కకి, అన్ని కేకలు విని కూడా చేతులు విప్పని ఆ కాపు మనిషికి, తాడు వదిలేసిన ఊరిపెద్దకి నా దణ్ణాలు. బావకి దణ్ణం పెడితే తిడతాడు. ఆయన మాట ఇక్కడ రాశాను.