ఎవరూ నొక్కలేదని నేను చెప్పిన బటన్

కల్వకుర్తి దగ్గర గొర్రెల కాపరుల సంఘం ఒకటి ఉంది. ఆ సంఘం మీటింగులో మైకు పట్టుకుని, అక్క రాసిన బటన్లను ఒక్కరు కూడా నొక్కలేదని చెప్పింది నేనే. అది నిజం కాదు. నొక్కారు, బాగానే నొక్కారు. ఆ నొక్కుళ్లు లెక్కకు వచ్చే ఏర్పాటు చేయడం మరిచిపోయాను. ఆ సంగతి మర్నాడే తెలిసినా రెండు వానాకాలాలు నోరు మెదపలేదు.

మహబూబ్‌నగర్‌లో నాకు చిన్న ఆఫీసు ఉంది. ఫంక్షన్ హాళ్లకు, కోచింగ్ సెంటర్లకు, విత్తనాల దుకాణాలకు వెబ్‌సైట్లు చేస్తాను. సంఘం వాళ్లు అడిగింది చిన్న పని. జీవాలకు జబ్బు చేస్తే కాపరి తన ఫోన్‌లో పేజీ తెరిచి రెండు మూడు బటన్లు నొక్కాలి, పశువుల డాక్టరుకు కబురు పోవాలి. అంతే.

నేను అక్క అని పిలిచే ఆవిడ ఆ సంఘం ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చుంటుంది. డాక్టరు ఏ పూట ఏ ఊళ్లో ఉంటాడో చెప్పడం ఆమె పని. మందల మధ్య పుట్టి పెరిగిన మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను చేసిన పేజీని మొదట ఆమెకే చూపించాను. మొదటి బటన్ మీద ‘పశువైద్య సేవల కొరకు అభ్యర్థనను సమర్పించండి’ అని ఉంది. ఆమె కూడబలుక్కుని చదివి నా ముఖంలోకి చూసింది.

“ఏం సమర్పించాలె తమ్మీ? పోచమ్మకు బోనమా?”

“అంటే డాక్టర్ను పిలుసుడు అక్కా.”

“మరి గట్లనే రాయరాదు? నీకు నోరు తిరిగేదాంక గొర్రె ఆగుతదా?”

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని పేజీని మళ్లీ రాశాం. ఆమె చెప్పేది, నేను టైపు చేసేవాణ్ని, మధ్యలో నవ్వు ఆగక టైపు తప్పేది. మొదటి బటన్ ‘జీవాలకు పానం బాగలేదు’ అయింది. ‘వ్యాధి లక్షణాలను ఎంచుకోండి’ పోయి ‘ఏమైతాంది?’ వచ్చింది. దాని కింద విరేచనాలకు ‘పారుతాంది’, ఆ తర్వాత ‘కుంటుతాంది’, ‘మేత ముట్టుతలేదు’. చివరి బటన్ ‘డాక్టర్‌ను రమ్మను’.

“పట్నపోళ్లు చూస్తే నవ్వుతరు అక్కా” అన్నాను.

“పట్నంల గొర్లున్నోళ్లు ఎవరో ఒక్కల పేరు చెప్పు, తీసేస్త.”

నవ్వి టైపు చేశాను. కానీ ఆ మాటలు రాతలో మోటుగా ఉంటాయనే నా లోపల ఉండేది. మా ఇంట్లో మేమూ అట్లాగే మాట్లాడతాం. అయినా ఉండేది.

సంఘం అధ్యక్షుడు పెద్దమనిషి. ఇద్దరి మాటా విని, రెండూ పెట్టి చూడమన్నాడు. వచ్చినవాళ్లలో సగం మందికి నా పేజీ, సగం మందికి ఆమె పేజీ కనిపించేట్టు చేశాను. ఎవరు ఏది నొక్కారో తెలియడానికి రెండింటిలోనూ జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఒకటి పెట్టాను. అది చూసేవాళ్ల బ్రౌజర్‌లో చప్పుడు లేకుండా పనిచేస్తూ, అక్కడ జరిగే ఒక్కో సంగతినీ మనకు పంపుతుంది. ఎవరో పేజీ తెరిచారు. ఎవరో కిందికి జరిపారు. ఎవరో నొక్కారు. ఆఫీసులో కూర్చుంటే స్క్రీన్ మీద వరుసలు పడుతూనే ఉండేవి. ముఖం తెలియని మనిషి ఎక్కడో మంద పక్కన నిలబడి బొటనవేలు కదిలిస్తే ఇక్కడ నాకు తెలుస్తోంది. మొదటి రోజు టీ చల్లారిపోయినా లేవలేదు.

అయితే, పేజీ తెరవడం లైబ్రరీకి తనంతట తానే తెలుస్తుంది. బటన్ నొక్కడం తెలియదు. ఏ బటన్ మీద కన్నేయాలో ఒక్కోదానికి మనమే ఒక్కో లైను రాయాలి. నా పేజీ బటన్లన్నిటికీ రాశాను. ఆమె పేజీకి రాయలేదు. కావాలని కాదు, మరిచాను.

నెల తర్వాత మీటింగులో కాగితం చదివాను. రెండు పేజీలూ ఇంచుమించు సమానంగా తెరుచుకున్నాయి. నా బటన్లు నొక్కినవాళ్లు ఉన్నారు. ఆమె వైపు సున్నా. “చూస్తున్నరు, ఏం ఒత్తకుండ పోతున్నరు” అన్నాను.

అక్క లేచి నిలబడింది. “నేనే రోజు ఇంటికి పోయేముందు మొదటి బటన్ ఒక్కసారన్న ఒత్తి చూసుకున్న తమ్మీ. నాదన్న రావాలె గద?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, “సొంతోళ్లు ఒత్తినయి లెక్కకు రావక్కా, లైబ్రరే తీసేస్తది” అన్నాను. అలాంటి ఏర్పాటేదీ నేను చేయలేదు. ఆ క్షణాన నోటికొచ్చిన మాట అది.

“డాక్టర్ ఎప్పుడొస్తడని ఫోన్లయితే మస్తు వచ్చినయ్” అంది ఆమె, కూర్చుంటూ. ఏ పేజీ నుంచి పోయినా కబురు ఒకేలా ఉంటుంది కనుక ఆమె దగ్గర రుజువు లేదు.

“వానకాలం గదా, రోగాలెక్కువ” అన్నాను. దానికీ నా దగ్గర జవాబుంది.

ఆమె పేజీ తీసేశారు. నాకు గొంగడి కప్పి సన్మానం చేశారు. మర్నాడు పొద్దున ఆఫీసులో ఆ ఫైలు తెరిస్తే లైన్లు లేవు. సున్నా చూడగానే నాకు అనుమానం రావాల్సింది. రాకపోవడానికి కారణం, ఆ సున్నా నాకు నచ్చింది. ఇప్పుడు చెబితే పరువు పోతుంది, పనీ పోతుంది అనుకుని ఫైలు మూసేశాను.

ఈ ఏడాది పేజీని కొత్తగా చేయమని సంఘం వాళ్లు కబురు పెట్టారు. ఏం మార్చాలో కనుక్కుందామని అక్కకు ఫోన్ చేశాను.

“మీకు తోచినట్టు రాయుండ్రి సార్. మా మాటలు ఎవ్వరొత్తుతరు?” అంది. ఎత్తిపొడుపు కాదు, నమ్మి అంది. ఇంతలో పక్కన ఇంకో ఫోన్ మోగింది. “పెద్దయ్యా, అభ్యర్థన సమర్పించినవా?” అని ఆమె అడగడం నాకు వినిపించింది. అవతల ఆ పెద్దాయనకు అర్థమయినట్టు లేదు, మూడుసార్లు అడిగింది.

మర్నాడు బస్సెక్కి కల్వకుర్తి పోయాను. ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాను. “మంద దొడ్లకు పోతుంటె లెక్కవెట్టే మనిషిని నా తలుపు కాడ నిలవెట్టిన అక్కా. నీ తలుపు కాడ ఎవ్వర్ని నిలవెట్టలే.”

“నిలవెట్టక, గొర్లే రాలేదని చెప్పినవా?”

“అవ్.”

“నేను లేచి అడిగినా గూడ?”

“అవ్ అక్కా.”

చేతిలో ఫోన్ బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. నవ్వు మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. “మా ఆయన రెండేండ్ల సంది నన్ను సతాయిస్తుండు తమ్మీ! ఏమన్నంటే చాలు, నీ మాట ఎవ్వరొత్తుతరే అంటడు. ఇయ్యాల ఉంది ఆయనకు!” అని కళ్లు తుడుచుకుని, “ఇంకెవ్వరికి చెప్పినవ్?” అంది.

“నీకే.”

“నాకొక్కదానికి చెప్తే ఏమొస్తది? ఎవ్వరొత్తలేదని అందరి ముందట చెప్పినవ్. ఒత్తిండ్రని గూడ అందరి ముందట చెప్పు. మైకుల.”

“పని పోతదేమో అక్కా.”

“పోతే పోనియ్. నా మాట పోలేదా?”

తర్వాతి మీటింగులో చెప్పాను. అదే మైకు. అందరూ అక్క వైపు తిరిగారు. అక్క మాత్రం వెనక వరసలో ఉన్న భర్త వైపు తిరిగింది. ఆయన తలపాగా సర్దుకుంటూ చెప్పుల్లోకి చూసుకున్నాడు.

“పోయినసారి నీకు గొంగడి కప్పినం గద పిలగా, ఉన్నదా?” అన్నాడు అధ్యక్షుడు.

“ఉంది పెద్దయ్యా.”

“తెచ్చి అక్కకు కప్పు. పేజీ ఆమె మాటలతోనే ఉంటది. ఇగ కూసో.”

పని పోలేదు. నేను కూర్చోలేదు కూడా. ఆమె పేజీని అప్పటికప్పుడే అందరి ఫోన్లలో తెరిపించాను. ఈసారి ప్రతి బటన్‌కూ లైను రాసే తెచ్చాను. నా ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు. వరుస మీద వరుస పడుతోంది.

“నాది వచ్చిందా?”

“వచ్చింది కాకా.”

“నాది?”

“అగో, గదే.”

“ఇంకోసారి ఒత్తుత, చూడు.”

అక్క భర్త కూడా మెల్లగా వచ్చి ఫోన్ తీశాడు. “ఒత్తు, ఒత్తు, గట్టిగ ఒత్తు!” అని అరిచింది అక్క. హాలంతా గొల్లుమంది. కొందరికి ‘పారుతాంది’ మీద మోజు, కొందరికి ‘కుంటుతాంది’ మీద. ఎవరూ మధ్యలో ఆగలేదు, చివరి బటన్ దాకా పోయారు. ఆ సంగతి నాకు తట్టేలోపే అక్క ఫోన్ మోగింది. అవతల డాక్టరు. అన్ని మందలకూ ఒకేసారి జబ్బు వచ్చిందని కబుర్ల మీద కబుర్లు పోయాయి. ఆయన కేకలు ఇవతల మాకందరికీ వినిపిస్తున్నాయి.

అక్క ఒక చెవి మూసుకుని నింపాదిగా చెప్పింది. “గొర్లన్ని మంచిగున్నయి సార్. ఏం ఫికర్ లేదు. ఆఁ? బండెక్కిండ్రా? గట్లనే రాండ్రి మరి. ఈడ మీటింగుల యాటను కోసిండ్రు, కూర అయితాంది, తిని పోదురు.”